పికెట్టులో రెండో మనిషి

ఆ ఉత్తర్వులో నన్ను 'అనధికార వ్యక్తి' అని రాశారు. కానిస్టేబులుగా చేరి, హెడ్ కానిస్టేబులునై, ఆళ్లగడ్డలోనూ నంద్యాలలోనూ స్టేషన్ రైటరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి నేను. స్టేషన్ రైటరంటే స్టేషనులో జరిగే ప్రతిదీ కాగితం మీద పెట్టేవాడు. ఎవరు ఏ డ్యూటీకి వెళ్లారు, ఎప్పుడు తిరిగి వచ్చారు, ఏ రైఫిలు ఎవరి చేతికి ఇచ్చారు, అన్నీ రాయాలి. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో కుళాయి నీళ్లు వచ్చిన వేళ కూడా రాసిపెడతాను. అందువల్ల ఆనాటి సంగతిని ఇక్కడ వరుస తప్పకుండా చెప్పగలను. చెప్పవలసిన అవసరమూ ఉంది. శాఖవారి ఫైలులో అది సగమే ఉంది.

మా అబ్బాయి కూడా కానిస్టేబులే. వాడు చేరిననాడు నేను సంతోషించాను. జీతం చాలడం లేదని ఫిర్యాదు చేసే అలవాటు మా ఇంట్లో లేదు. అయితే ఆ జీతం ఎన్ని గంటల పనికి ఇస్తున్నారో చెప్పమని మాత్రం అడుగుతాను. గుమాస్తాకు ఆదివారం ఉంది. బ్యాంకు ఉద్యోగికి పండుగ సెలవు ఉంది. ఆ పండుగనాడే మావాడు అహోబిలంలోనో, యాగంటిలోనో తాడు పట్టుకుని జనాన్ని ఆపుతూ నిలబడతాడు. పోలీసులకూ వారానికొక రోజు సెలవు అని ఆమధ్య పత్రికల్లో ప్రకటన వచ్చింది. ఆ ముక్కను కత్తిరించి దాచాను. కాగితం పసుపుబారింది కానీ మా ఇంటికి ఆ సెలవు రాలేదు. బయటి డ్యూటీకి ఇవ్వవలసిన బత్తాకు బిల్లు పెడితే అది ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి తిరుగుతూ ఉంటుంది. బూట్లు అడుగు ఊడితే సొంత డబ్బుతో కుట్టించుకోవాలి. ఈ బూట్ల సంగతి ఎందుకు రాస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

దొర్నిపాడు దగ్గర ఒక ఊళ్లో కాలువ తూము వద్ద మొదలైన తగాదా పై వీధికీ కింద వీధికీ మధ్య కొట్లాటగా ముదిరింది. మళ్లీ జరగకుండా ఆ ఊళ్లో పికెట్టు వేశారు. పికెట్టు అంటే ఇద్దరు సాయుధ కానిస్టేబుళ్లు రాత్రింబవళ్లు అక్కడే ఉండాలి. వాళ్లకు బస రెండు వీధులు కలిసే చోట మూతపడ్డ పాలకేంద్రం గది. ఆ ఇద్దరిలో ఒకడు మా అబ్బాయి. రెండోవాడు వాడి కంటే కొంచెం పెద్ద, నంద్యాల మనిషి. ఏ వీధి వాళ్లు ఇచ్చినా మజ్జిగైనా తాగకూడదని వాళ్లకు గట్టి ఆదేశం. ఒక వీధిలో తాగితే పోలీసులు వాళ్ల పక్షమని మరునాడు రెండో వీధి నుంచి అర్జీ వెళుతుంది.

వారం తర్వాత వేరే ఇద్దరు, రిలీవర్లు, వచ్చి వీళ్లను వదిలించాలి. వారాలు గడిచాయి, ఎవరూ రాలేదు. ఇలాంటప్పుడు పికెట్టు వాళ్లు తమలో తాము ఒక సర్దుబాటు చేసుకుంటారు. ఒకడు ఉండి రెండు రైఫిళ్లూ చూసుకుంటాడు, ఒకడు ఇంటికి వెళ్లి స్నానం చేసి, పిల్లల ముఖం చూసి వస్తాడు. ఈ సర్దుబాటు ఎస్సైకి తెలుసు, సీఐకి తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. పట్టుబడితే సస్పెన్షను.

ఆనాడు మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాను. మావాడు ఫోన్ చేశాడు.

"నాయనా, యాడుండావు?"

"ఇంట్లోనే. ఏందప్పా, గొంతు అట్లుంది?"

"పాము కరిసింది. కాలి మడమ పైన. రక్తపింజర. కంది కట్టె కింద ఉన్నింది, నేను సూసినా దాన్ని."

వాడి బూట్లు ఆళ్లగడ్డలో కుట్టుకు ఇచ్చి ఉన్నాయి. చెప్పులతో పొయ్యిలోకి కంది కట్టె తీయబోయాడు.

"అంబులెన్సుకు చేసినావా?"

"చేసినా. బండి ఇంకో ఊరికి పోయిండాదంట, గంట పైనే పడుతుందన్నారు. నువ్వు స్కూటర్ ఏస్కోని బేగా రా. స్టేషన్‌కు మాత్రం ఫోన్ చెయ్యొద్దు."

"ఏందీ? స్టేషన్‌కు చెప్పకుండా ఎట్ల? నీ తోడు మనిషి యాడ?"

గొంతు తగ్గించాడు.

"లేడు నాయనా. నంద్యాలకు పోయినాడు. వాళ్లమ్మ కంటికి ఆపరేషన్ అయింది కదా, ఈ పొద్దు కట్టు ఇప్పుతారంట. సెలవు అడిగితే ఇయ్యలే. నేనే పొమ్మన్నా. ఎస్సై వస్తే వాడు పాడైపోతాడు."

నాకు అంతా అర్థమైంది. వాడు రైఫిళ్లు వదిలి కదలలేడు. గదికి తాళం వేసినా సరే, కాపలా మనిషి లేకుండా ఆయుధం వదిలిపెట్టడం మా శాఖలో క్షమించని నేరం. స్టేషనుకు చెబితే వేరే మనిషిని పంపుతారు. దాంతో తోటివాడు లేడన్న సంగతి బయటపడుతుంది. తోటివాడి ఉద్యోగం కోసం మావాడు విషం ఎక్కిన కాలితో నా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"కాలు కదిలియ్యొద్దు. కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు. ఎవురన్నా మంత్రమంటే దగ్గరికి రానియ్యొద్దు. వచ్చాండా," అన్నాను.

బయలుదేరే ముందు ఆ నంద్యాల అబ్బాయికి ఫోన్ చేశాను. సంగతి విని, "అయ్యో పెద్దనాయనా! ఆస్పత్రిలో ఉన్నా. ఇప్పుడే బయలుదేర్తాండా," అన్నాడు. నంద్యాల నుంచి బస్సు మీద అతను రావాలి. ఆళ్లగడ్డ నుంచి స్కూటరు మీద నేను వెళ్లాలి. నేనే ముందు చేరతాను.

ఆ దారి నాకు కొత్త కాదు. కాలువ గట్టు వెంట మలుపులన్నీ తెలుసు. అయినా ఆనాడు ప్రతి మలుపూ అడ్డం వచ్చినట్లే అనిపించింది. శనగ మూటల ట్రాక్టరు ఒకటి దారి ఇవ్వకుండా ముందు పోతుంటే, జీవితంలో మొదటిసారి ఒక రైతును నోటికొచ్చినట్లు తిట్టాను. వయసు మీద పడినవాడు స్కూటరు మీద పోగలిగినంత వేగంగా పోయాను.

పాలకేంద్రం ముందు జనం రెండు గుంపులుగా ఉన్నారు. పై వీధి వాళ్లు ఒక పక్క, కింద వీధి వాళ్లు ఒక పక్క. మధ్యలో గడప మీద మావాడు, వీపు తలుపుకు ఆనించి కూర్చుని ఉన్నాడు. పాదం నుంచి పిక్క దాకా వాచి నున్నగా మెరుస్తోంది. లోపల కిటికీ ఊచకు గొలుసు వేసి రెండు రైఫిళ్లు ఉన్నాయి. తాళంచెవి వాడి పిడికిట్లో ఉంది.

"సూడు రైటరయ్యా, మా బండి స్టార్ట్ చేసి పెట్టుకోనుండా. ఎక్కమంటే ఎక్కడు మీ కొడుకు," అన్నాడు పై వీధి మనిషి.

"ఎట్ల ఎక్కుతాడు? మీ బండి ఎక్కితే రేపు కేసు మీ పక్కకు తిప్పుతారని మాకు తెలీదా?" అన్నాడు కింద వీధి మనిషి. "మా కారుండాది. ఏసీ కూడా ఉండాది."

"ఏసీ ఎవురిక్కావల్ల? పెట్రోలుండాదా అందులో?"

"నీ ట్రాక్టర్ లోను కంతు కట్టినావా నువ్వు, పెట్రోలడుగుతాండావ్?"

ఒక మనిషి ప్రాణం మధ్యలో పెట్టుకుని వాళ్లు పోటీ పడుతున్నారు. నా కోపం చెప్పలేనిది. మావాడు నన్ను చూసి, "వీళ్లవి వద్దు నాయనా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. పళ్ల చిగుళ్ల దగ్గర ఎర్రగా కనబడింది. రక్తపింజర విషానికి అది గుర్తని నాకు తెలుసు.

వాణ్ణి స్కూటరు వెనక కూర్చోబెడితే దారిలో పడిపోతాడు. పైగా నేను పోతే రైఫిళ్ల దగ్గర ఎవరూ ఉండరు. ఏం చేయాలో తోచక నిలబడినప్పుడు వెనక నుంచి ఆటో హారన్ వినిపించింది. ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు నిండా కట్టుకుని ఊరూరూ అమ్మే ఆళ్లగడ్డ సాయిబు. రెండు వీధుల ఆడవాళ్లూ ఆయన దగ్గరే కొంటారు.

"ఏంది రైటర్ సాబ్, ఏమైంది?" అని దిగి, కాలు చూసి, ఇక ఏమీ అడగలేదు. బిందెల తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"భాయ్, నీ సరుకు?" అన్నాను.

"సరుకు యాడికి పోతుంది సాబ్? యా వీధిలో దించల్లనో చెప్పండి, అదే నాకు భయం. ఆ పక్క దించితే ఈ పక్కోళ్లు కొనరు." అంటూనే బిందెలన్నీ సరిగ్గా గడప ముందు, రెండు వీధుల మధ్యలో దించాడు. రెండు పక్కలా నవ్వారు. ఆ నవ్వులోనే ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చి మావాణ్ణి లేపారు. ఎవరు ఏ వీధి వాళ్లో ఆ నిమిషంలో ఎవరూ చూడలేదు.

మావాడు మాత్రం తలుపు చెక్క వదల్లేదు. "రైఫిళ్లు?"

"నేను కూర్చుంటా."

"నువ్వు రిటైర్ అయినావు నాయనా. నీకు ఇయ్యగూడదు."

"నాకు ఇయ్యొద్దు. గొలుసు అట్లే ఉండనీ. తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. నేను వాకిట్లో కూర్చుంటా, అంతే. పో."

ఆటో ఆళ్లగడ్డ ఆస్పత్రి వైపు కదిలింది. నేను మావాడు కూర్చున్న గడప మీదే కూర్చున్నాను. రాయి ఇంకా వెచ్చగా ఉంది. ఎదురుగా రంగురంగుల బిందెలు, వాటికి అటూ ఇటూ ఒకరినొకరు నరుక్కోవడానికి కారణం వెతుక్కుంటున్న రెండు వీధులు. నా వెనక ఒక్క తలుపు అవతల రెండు రైఫిళ్లు. చేతిలో స్కూటరు తాళంచెవి తప్ప నాకు ఏ ఆయుధమూ లేదు.

"ఏం రైటరయ్యా, గవర్మెంటోళ్లు మల్ల పన్లోకి తీసుకున్యారా? జీతమెంత?" అని కింద వీధి కుర్రకారులో ఒకడు అరిచాడు.

"మీ నాయన మీద కేసు రాసింది నేనే. అప్పటి జీతమే," అన్నాను. పై వీధి వాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు కొట్లాటగా మారుతుందేమోనని లేచి నిలబడ్డాను. కింద వీధి పెద్దాయన ఒకడు ఆ కుర్రవాడి మెడ పట్టుకుని వెనక్కి లాగాడు.

అప్పుడు నేను స్టేషనుకు ఫోన్ చేశాను. వద్దని మావాడు అన్నాడు, చేయనని నేను మాట ఇవ్వలేదు. పాము కాటు వస్తే ఆస్పత్రివాళ్లు ఎలాగూ పోలీసులకు కబురు చేస్తారు. అంతకంటే ముఖ్యంగా, ఒక ముసలివాడు మాత్రమే కాపలా ఉన్న రెండు రైఫిళ్లు ఆ ఊళ్లో ఎంతసేపు క్షేమంగా ఉంటాయో నేను చెప్పలేను. నంద్యాల బస్సు ముందు వస్తుందా, ఎస్సై జీపు ముందు వస్తుందా అని దారి చూస్తూ కూర్చున్నాను.

జీపే ముందు వచ్చింది.

ఎస్సై చిన్నవయసు వాడు, మర్యాద తెలిసినవాడు. కళ్ల కింద నల్లబడి ఉంది. అతనికీ నిద్ర లేదని చూస్తేనే తెలిసింది. వెంట వచ్చిన కానిస్టేబులును తలుపు దగ్గర నిలబెట్టి, కిటికీలోంచి రైఫిళ్లు చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దాయనా, రెండో కానిస్టేబుల్ కూడా మీ వాని తోడు ఆటోలో పోయినాడు కదా?"

అది ప్రశ్న కాదు. నాకు అతను తెరిచి పట్టుకున్న తలుపు. అవునంటే చాలు. నంద్యాల అబ్బాయి బతికిపోతాడు. ఎస్సైకీ సంజాయిషీ ఉండదు. మావాడు కోరింది కూడా అదే. ఊళ్లో ఎవరూ కాదనరు, వాళ్లకేం పట్టింది?

కానీ అవునంటే ఆ పికెట్టులో ఇద్దరు ఉన్నట్లు కాగితంలో పడుతుంది. అంతా సవ్యంగా ఉన్నట్లు పడుతుంది. వదిలించే మనిషి రాక వారాలు గడిచిన సంగతి, సెలవు అడిగితే ఇవ్వని సంగతి, నా కొడుకు విషం ఒళ్లెక్కుతుంటే ఒక్కడే గడప మీద కూర్చున్న సంగతి, ఇవేవీ ఈ లోకంలో జరగనట్లే. రేపు ఇంకో ఊళ్లో ఇంకొకడు ఇలాగే కూర్చుంటాడు.

"లేదు సార్. నేనొచ్చేసరికి మావాడు ఒక్కడే ఉండాడు," అన్నాను.

"ఆలోచించుకోని చెప్పండి."

"ఆలోచించుకునే చెప్తాండా. రిలీవర్ ఎందుకు రాలేదో కూడా అదే కాగితంలో రాయండి."

"అది వేరే సంగతి పెద్దాయనా."

"అదే సంగతి సార్. వేరేది లేదు."

అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "మనుషులుంటే నేను పంపనా? స్టేషన్లో ఉండేదే ఎందరు? మీరు రైటర్‌గా చేసినోళ్లు, మీకు తెలీదా?" అన్నాడు. నాకు తెలుసు. ఆ మాటా రాయమన్నాను.

అంతలో నంద్యాల అబ్బాయి బస్సు దిగి, మామూలు చొక్కాతోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. జేబులోంచి కంటి చుక్కల సీసా తల బయటికి కనబడుతోంది, తల్లికి ఇవ్వడం మరిచి తెచ్చేశాడు. జీపు చూసి ఆగాడు. ఎస్సై ఏమీ అడగకముందే, "నేను పోయినా సార్. నంద్యాలకు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "వాడెట్లుండాడు పెద్దనాయనా?" అన్నాడు. ఆటోలో ఆళ్లగడ్డకు పంపినానని చెప్పి, స్కూటరు దగ్గరికి నడిచాను.

మావాణ్ణి ఆళ్లగడ్డలో మొదటి ఇంజెక్షన్ చేసి నంద్యాల పెద్దాసుపత్రికి పంపారు. నేను చేరేసరికి డాక్టరమ్మ వాడి రక్తం గాజు గొట్టంలో తీసి గోడ పక్కన నిలబెట్టి ఉంది. అది గడ్డకడితే విషం తగ్గుతున్నట్లు. ఆమె గొట్టం వంచి చూసింది. రక్తం నీళ్లలాగా జారింది. మళ్లీ మందు ఎక్కించారు. మళ్లీ గొట్టం నిలబెట్టారు. గోడ గడియారాన్నీ, ఆ గొట్టాన్నీ చూస్తూ నిలబడ్డాను. రాయడానికి జేబులో కలం ఉంది, చేయి రాలేదు.

ఆ సమయంలోనే స్టేషను నుంచి ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. పరామర్శకు వచ్చాడనుకున్నాను. సిక్ పాస్‌పోర్టు తెచ్చాడు. పోలీసువాడు జబ్బుపడితే ముందు స్టేషనులో ఆ కాగితం తీసుకుని, తర్వాత ఆస్పత్రికి పోవాలి. లేకపోతే ఆ రోజు గైరుహాజరు కింద జీతం పోతుంది. "సంతకం కావల్ల రైటర్ సార్. లేకుంటే మీ వానికే నష్టం," అన్నాడు పాపం, ఇబ్బందిపడుతూ. సెలైన్ సూది ఉన్న చేత్తో మావాడు కళ్లు మూసుకునే సంతకం గీశాడు. ఆ గీత నేను చూశాను. అది వాడి సంతకంలాగా లేదు.

మరోసారి గొట్టం వంచినప్పుడు రక్తం కదల్లేదు. "గడ్డకట్టింది," అన్నది డాక్టరమ్మ. నేను జేబులోంచి కలం తీసి ఆ వేళ రాసుకున్నాను.

తర్వాతిది విచారణ. నేను రెండు పేజీల వాంగ్మూలం రాసి ఇచ్చాను. మొదటి పేజీలో జరిగింది. రెండో పేజీలో ఎందుకు జరిగిందన్నది: రాని రిలీవరు, ఇవ్వని సెలవు, కుట్టుకు పోయిన బూట్లు. ఉత్తర్వు వచ్చింది. తోటివాడు అనుమతి లేకుండా వెళ్లడానికి సహకరించి, ఆయుధాలను అనధికార వ్యక్తి వద్ద వదిలినందుకు మావాడికీ, డ్యూటీ వదిలి వెళ్లినందుకు ఆ అబ్బాయికీ ఇంక్రిమెంటు వాయిదా. ఆ అబ్బాయి కొంతకాలం సస్పెన్షనులో కూడా ఉన్నాడు. నకలు కోసం అర్జీ పెట్టి ఫైలు చూశాను. నా మొదటి పేజీ ఉంది. రెండో పేజీ లేదు. అడిగితే, విషయానికి సంబంధించనిది కాబట్టి జతచేయలేదన్నారు. దాన్ని జతచేయమని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. రసీదులన్నీ వరుసగా ఉన్నాయి.

సస్పెన్షను తీరాక నంద్యాల అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. తిడతాడేమోనని సిద్ధపడి ఉన్నాను.

"మా అమ్మకు సూపొచ్చింది పెద్దనాయనా. ఆ పొద్దు కట్టు ఇప్పినాక మొదట నన్నే సూసింది. ఆమె సూస్తాండగానే నీ ఫోనొచ్చింది," అన్నాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "నువ్వు చెప్పింది నిజమే. కాదనను. కానీ ఆ నిజం కరీదు మా జీతంలోంచే కోసినారు సూడు," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

మావాడు చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. ఒకసారి మాత్రం, "నువ్వు ఒక్కమాట అవునని అనింటే పోయేది నాయనా," అన్నాడు. నా వాదన అంతా చెప్పాను. విన్నాడు. "నీ రెండో పేజీ వాళ్లు సదవలే కదా," అన్నాడు.

కాలు నయమయ్యాక వాణ్ణి మళ్లీ పికెట్టుకు వేశారు. ఈసారి వేరే ఊరు. జత కూడా వేరే అబ్బాయి, కొత్తగా పెళ్లయినవాడు. బూట్లు కొత్తవి, నేనే కొనిచ్చాను. కంది కట్టె కదిలించడానికి పొడుగు కర్ర ఒకటి ఇచ్చి పంపాను. వీళ్లను వదిలించే మనుషులు వారం దాటినా రాలేదని వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

మొన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. అదీ ఇదీ మాట్లాడాడు. వాన సంగతి, వాళ్లమ్మ మోకాళ్ల సంగతి. పెట్టేసే ముందు ఆగి, "నాయనా, ఈ పొద్దు మధ్యాన్నం యాడికన్నా పోతాండావా? ఇంట్లోనే ఉంటావు కదా?" అన్నాడు.

పక్కన మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఎవరు ఇంటికి పోతున్నారని నేను అడగలేదు.

"ఉంటా," అన్నాను.

ఫోన్ పెట్టి, చెప్పులు వేసుకుని, స్కూటరుకు పెట్రోలు పోయించుకు రావడానికి బయలుదేరాను.